గోధుమ పొట్టుకు కొన్న పిల్ల

తవిటయ్యకు మా ఇంట్లో ఇంకో పేరుండేది. గేటు చప్పుడు వినగానే మా చిన్నవాడు లోపలికి పరుగెత్తుకొచ్చి, "మమ్మీ, సవాల్‌వాలే అంకుల్ ఆయే" అనేవాడు, ప్రశ్నల అంకుల్ వచ్చాడని. తెలుగులో పిలిస్తే హిందీలో పలికే వయసు వాడిది. పేరు మాత్రం సరిగ్గానే పెట్టాడు. చేతిలో ప్రశ్న లేకుండా తవిటయ్య మా గుమ్మం ఎక్కిన రోజులు ఒకటో రెండో.

అప్పట్లో మేం టాటానగర్ దగ్గర సోనారిలో ఉండేవాళ్ళం. మావారు రంగనాథ్ అక్కడి కంపెనీలో ఇంజనీరు. తవిటయ్య అదే కంపెనీలో, ఫౌండ్రీలో మౌల్డరు. అంటే చెక్కతో చేసిన నమూనాని ఇసుకలో అదిమి, అచ్చు తీసి, అందులో కరిగిన ఇనుము పోయించే మనిషి. ఇల్లు మా వీధి చివర. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. నిప్పురవ్వ పడి ఒక కనుబొమ్మ సగం ఎగిరిపోవడంతో, ఊరికే చూసినా ఏదో అనుమానంగా చూస్తున్నట్టే ఉండేది. అనుమానం ఎలాగూ ఉండేదే కాబట్టి ఆ ముఖం అతనికి బాగా నప్పింది.

డ్యూటీ దిగితే సైకిలేసుకుని మా పక్కనున్న చిన్న విమానాశ్రయం కంచె దగ్గరికి పోయేవాడు. అక్కడ నిలబడి నిలబడి, చీకటి పడే ముందు మా ఇంటికొచ్చేవాడు.

"అమ్మా, ఇవానం సక్రాలు పైనుంచే తిరుగుతూ వత్తాయా, నేల తగిలినాక తిరుగుతాయా?"

"పిల్లిని ఎలాగిసిరినా కాళ్ళ మీదే ఎందుకు పడతాదమ్మా?"

"మజ్జిగ సిలికితే ఎన్న ఒత్తాది. నీళ్ళు సిలికితే ఏటీ రాదేం?"

నేను విశాఖపట్నంలో బియ్యెస్సీ చదివానని ఎవరో చెప్పారు. అంతే, లోకంలో ఉన్నవన్నీ నాకు తెలిసి ఉంటాయని నిశ్చయించుకున్నాడు. తెలిసింది చెప్పేదాన్ని. తెలియకపోతే తెలియదనేదాన్ని. తెలియదంటే అతనికి మరీ సంతోషం. "అయితే మీకూ తెల్దన్నమాట" అని తృప్తిగా టీ తాగి వెళ్ళేవాడు.

దేవుడి విషయంలో మాత్రం ప్రశ్నలుండేవి కావు. గుడి మెట్లెక్కడు. విశ్వకర్మ పూజనాడు ఫౌండ్రీలో అందరితో పాటు నిలబడి, బూందీ పొట్లం పుచ్చుకుని వచ్చేసేవాడు. భార్య నూకమ్మ తిడితే ఒకటే మాట. "సూడని మేస్త్రీకి దండమెలాగెడతానే? పనెలా సేత్తాడో నాకేటి తెలుసు?"

ఒక్కసారి ప్రశ్న నేనడిగాను, ఆ పేరెలా వచ్చిందని.

శ్రీకాకుళం వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ణి చేటలో పెట్టి, పిల్లలు దక్కిన ఇంకో ఇల్లాలికి చారెడు తవుడుకి అమ్మేస్తారు. తల్లి తన నోటితో 'ఈ బిడ్డ నాది కాదు' అనాలి. కొన్నావిడ, నా బిడ్డని పెంచిపెట్టమంటూ మళ్ళీ ఆ తల్లికే ఇస్తుంది. చావు వెతుక్కుంటూ వస్తే, ఈ ఇంట్లో వీళ్ళ బిడ్డ ఎవరూ లేరని తిరిగిపోతుందన్నమాట. అలా దక్కిన పిల్లలకి తవిటయ్య, తవిటమ్మ అని పేర్లు పెడతారు. ఆ వైపు ఊరికి నలుగురైనా ఉంటారు.

"అందరి అమ్మలూ ఆ ఒక్కరోజే ఆ మాటంటారమ్మా" అన్నాడు తవిటయ్య. "మాయమ్మ పోలమ్మ బతికినన్నాళ్ళూ అంది. నాకు ముందు ముగ్గురు పోయారంట. నన్ను కస్తూరమ్మ కొనుక్కుంది. ఈదిలో ఎవులైనా నీ కొడుకా అంటే, కాదు, కస్తూరమ్మ కొడుకు అనీది. నలుగుర్లో ఎత్తుకునీది కాదు. పండక్కి కొత్తబట్ట కస్తూరమ్మ సేత్తోనే ఇప్పించీది. నాకు జొరమొత్తే కస్తూరమ్మ నా పక్కన కూకునీది. మాయమ్మ గడప బయట కూకునీది, అటేపు తిరిగి."

"నువ్వు దక్కాలనే కదా తవిటయ్యా."

"సిన్నప్పుడు నానూ అలాగే అనుకున్నాను. కాత్త ఎదిగినాక అనుమానమొచ్చింది. మనిషి ఒక మాట రోజూ అంటంటే, అది నిజమైపోద్దామ్మా?"

తెలియదన్నాను. ఈసారి సంతోషించలేదు. ఆ అనుమానంతోనే, మీసం రాకముందే ఊరొదిలి టాటానగర్ బండెక్కేశాడట. తర్వాత తల్లి పోయిందని కబురొచ్చింది. బండి దిగి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఇదంతా చెప్పిన రోజు టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. నాకు చాలా బాధేసింది.

తవిటయ్యకి ఒక్కతే కూతురు, చిలకమ్మ. అల్లుడు ఆదిబాబు టాటానగర్‌లో రైల్వే షెడ్డులో పని. చిలకమ్మకి తొలి కాన్పులో బిడ్డ ప్రాణం లేకుండానే పుట్టింది. రెండోసారి మగపిల్లాడు, ఆసుపత్రిలో అద్దాల పెట్టెలోనే కొన్నాళ్ళుండి, ఇంటికి రాకుండానే పోయాడు. మూడోసారి నెల తప్పిందని తెలిసిన వారానికి నూకమ్మ మా ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కుసుమమ్మా, మీకు ఇద్దరు. ఇద్దరూ రాయిలాగున్నారు. మీ కడుపు సల్లని కడుపు. మా సిలక బిడ్డని మీరే కొనుక్కోవాల."

నాకు నవ్వొచ్చింది. ఇలాంటివి నేను నమ్మను. కానీ ఆవిడ కళ్ళలో భయం చూశాక నవ్వడం కుదరలేదు. సరేనన్నాను.

సాయంత్రం తవిటయ్య వచ్చాడు. ప్రశ్న లేదు.

"అమ్మా, మీరు కొనొద్దు" అన్నాడు.

"నూకమ్మ భయపడుతోంది."

"భయం నాకూ ఉంది. ఇదీ దక్కకపోతే సిలక బతకదు, నాకు తెలుసు. కానీ దక్కిందనుకోండి. దక్కినాక ఆ మాట ఇనుకుంటా పెరగాల గదా. నాలాగ ఇంకొకరొద్దమ్మా మా ఇంట్లో."

మొగుడిదొక మాట, పెళ్ళాందొక మాట. మధ్యలో నేను. ఇద్దరికీ చూద్దాంలే అని చెప్పి తప్పించుకున్నాను.

ఏడో నెలలో చిలకమ్మ పుట్టింటికి వచ్చింది. ఇక తవిటయ్య ప్రశ్నలన్నీ ఒకే దారి పట్టాయి. విమానాలు, పిల్లులు పక్కకి పోయాయి. మామూలుగా మగవాళ్ళు ఆ మాటలెత్తడానికే సిగ్గుపడతారు. ఇతను సిగ్గుపడుతూనే అడిగేవాడు, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ.

"అచ్చు కట్టినాక సూదెట్టి కంతలు పొడుత్తాం. గాలి పోవాల గదా, లేపోతే పోత పేలిపోద్ది. మరి లోపల పిల్లకి గాలెలాగమ్మా?"

పాత క్యాలెండరు వెనక బొమ్మ గీసి, బొడ్డుతాడు చూపించి చెప్పాను. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి పేటర్ను ఏదీ?"

"ఏ ప్యాటర్న్?"

"నమూనా అమ్మా. సెక్కతో సెయ్యాల గదా ముందు. అది లేకుండా అచ్చెలాగ?"

"నమూనా ఏమీ లేదు తవిటయ్యా. చుక్కంత కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అలా పెరుగుతుంది."

"సెవి కాడ సెవి, ముక్కు కాడ ముక్కు రావాలని ఎవులు సెప్తారు మరి?"

నాకు తెలిసినంత చెప్పాను. అంతా విని, నమ్మలేనట్టు తలూపి వెళ్ళిపోయాడు. ఇసుకలో ముప్పయ్యేళ్ళు పని చేసిన మనిషి. చెక్క నమూనా లేకుండా ఒక్క మేకు కూడా పోత పోసి ఎరగడు. ఆ వారమంతా ఎదురుపడినప్పుడల్లా "నమూనా లేదా?" అని మళ్ళీ అడిగేవాడు, నేనేమైనా మాట మారుస్తానేమోనని.

అది ఎనభై మూడో సంవత్సరం. విశ్వకర్మ పూజకి ఫౌండ్రీలో పందిళ్ళు వేస్తున్న రోజుల్లో, వదలని వానలో చిలకమ్మకి నొప్పులొచ్చాయి. నూకమ్మకి తోడుగా నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. వరండా బల్ల మీద ఆ చివర ఆదిబాబు, ఈ చివర తవిటయ్య. లోపలి నుంచి చిలకమ్మ కేక వినపడినప్పుడల్లా తవిటయ్య లేచి నిలబడి, మళ్ళీ కూర్చునేవాడు.

మధ్యాహ్నానికి ఇంకో గొంతు వినిపించింది. నూకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. కాసేపటికి నర్సు గుడ్డలో చుట్టిన పిల్లని తెచ్చి, ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు అని చెప్పి, నూకమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోవడంతో తవిటయ్య చేతుల్లో పెట్టింది.

అప్పుడే పుట్టిన బిడ్డని అతను పట్టుకోవడం అదే మొదలు. చిలకమ్మ పుట్టింది నూకమ్మ వాళ్ళ ఊళ్ళో. అతనికి సెలవు దొరికి వెళ్ళేసరికి అది నడుస్తోంది. పోయిన మనవల్ని చేతికివ్వలేదు. అందుకే ఎలా పట్టుకోవాలో తెలియక, తడి అచ్చుని మోస్తున్నట్టు మోచేతులు బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా పరీక్ష మొదలైంది. గోళ్ళు చూశాడు. చెవి తమ్మె మడిచి వదిలి చూశాడు. గుడ్డ కొంచెం తప్పించి పక్కలు చూశాడు.

"ఏం వెతుకుతున్నావు?" అన్నాను.

"జాయింటు గీత. రెండు సగాల అచ్చు కలిసిన కాడ పోతకి గీత పడతాదమ్మా. ఎంత రుద్దినా తెలుత్తాది. దీనికెక్కడా లేదు."

అంటూనే తల మీద గుడ్డ జరిపాడు. అతని ముఖం పాలిపోయింది. మాడు దగ్గర మెత్తగా, చర్మం కింద టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది.

"నర్సమ్మా, ఇక్కడ పోత అందలేదు. గుంట పడిపోయింది. బేగి రండి" అని వరండా అంతా వినపడేలా అరిచాడు. నర్సు పరుగున వచ్చి, సంగతి తెలిసి పక్కకి తిరిగి నవ్వుకుంది. ఆదిబాబు తల దించుకున్నాడు. నేను దగ్గరికెళ్ళి చెప్పాను. అది లోపం కాదు. పుట్టేటప్పుడు దారి ఇరుకు కదా, తల ఎముకలు అతుక్కోకుండా విడివిడిగా ఉంటాయి, ఒకదాని మీదికి ఒకటి కాస్త జరిగి తల బయటికి రావడానికి. పుట్టాక అదే మెల్లగా పూడుకుంటుంది. పిల్లలందరికీ ఇంతే.

తవిటయ్య ఆ మెత్తటి చోటు మీద తాకీ తాకకుండా వేలు పెట్టి నిలబడ్డాడు.

"దారి ఇరుకని లోపలున్న తలకి ముందే ఎలాగ తెలుసమ్మా?"

ఈ ప్రశ్నకి కూడా చదువులో ఏదో జవాబుంది. నాకది చెప్పబుద్ధి కాలేదు. నేను ఇద్దర్ని కన్నదాన్నే. ఇద్దరి మాడుకీ రోజూ నూనె అద్దినదాన్నే. ఒక్కరోజు కూడా నాకీ ప్రశ్న రాలేదు.

"నమూనా లేకుండా" అన్నాడు మళ్ళీ, తనలో తను.

పిల్లని చేతుల్లోకి తీసుకున్నందువల్ల ఒక చిక్కొచ్చింది. మర్నాడు మా ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎత్తుకోకముందు ధైర్యంగుండీవోడ్నమ్మా. ఇప్పుడు భయమేత్తంది. మా నూకమ్మ పిల్లని అమ్మాలంటే అమ్మమనండి. మీరు కొనుక్కోండి. నాను మాత్రం ఆ మాట ఇనను. బయట సైకిలు కాడ ఉంటాను."

ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో ముఖం చూస్తే తెలుస్తోంది. సరే, కొంటానన్నాను.

తవుడు తేవలసింది కొనేవాళ్ళే. ఆటో ఎక్కి సాక్చి బజారుకి వెళ్ళాను. పాలవాళ్ళ ఖటాల్ కొట్టాల్లోని ఆవుల కోసం దాణా అమ్మే దుకాణంలో బస్తాల్లో గోధుమరంగు పొట్టు కనిపించింది. ఇదే కదా అనుకుని పొట్లం కట్టించుకున్నాను. పశువులకి పెట్టేదంతా నా లెక్కలో తవుడే.

చిలకమ్మని ఇంటికి తెచ్చిన రోజు సన్నగా వాన పడుతోంది. నూకమ్మ చెప్పినట్టే అంతా జరిగింది. చిలకమ్మ గడప దాటి లోపలికెళ్ళింది. పిల్ల మాత్రం కొత్త చేటలో, పాత చీర మడత మీద, బయట అరుగు మీదే ఉండిపోయింది. చేట పక్కన నేను. గడపకడ్డంగా నూకమ్మ. తవిటయ్య అన్నట్టే వాకిట్లో సైకిలు పట్టుకుని, వీపు మాకు పెట్టి వానలో నిలబడ్డాడు.

నేను పొట్లం విప్పాను. నూకమ్మ వేళ్ళతో నలిపి, వాసన చూసి, నా ముఖం చూసింది.

"ఇదేటమ్మా. ఇది గోధుమ పొట్టు."

"పొట్టు పొట్టే కదా నూకమ్మా."

"కాదమ్మా. తవుడంటే దంపుడు బియ్యంది. గోధుమ మన అమ్మోరికేటి తెలుసు? బేరం సెల్లదు." అసలైన తవుడు కావాలంటే ఊరి బయట బియ్యపు మిల్లుకి పోవాలి. ఆదిబాబుని పంపిద్దామంటే డ్యూటీకి పోయాడు. నా బియ్యెస్సీ ఎందుకూ పనికిరాలేదని ఒప్పుకోక తప్పలేదు.

అంతలో పిల్ల లేచింది. మొదట మూలిగింది. తర్వాత ఆకలేసి, పిడికిళ్ళు బిగించి ఏడుపు అందుకుంది. చిలకమ్మ గబుక్కున ముందుకొచ్చింది. నూకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టుకోకు. ముట్టుకుంటే నీదైపోతాది. ముందు ఆ మాటనీ. పొట్టు సంగతి తరవాత సూద్దాం."

చిలకమ్మ ద్వారబంధం పట్టుకుంది. పిల్ల వైపు చూడలేదు. ఎదుటి గోడ వైపు చూసింది.

"ఈ గుంటపిల్ల నాది కాదు."

"గట్టిగా అను."

"నాది కాదు. నాకొద్దు. తీస్కుపోండి."

గొంతు ఎక్కడా తొణకలేదు. వింటే ఎవరైనా నిజమే అనుకుంటారు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నిలబడ్డ చిలకమ్మ జాకెట్టు మీద రెండు తడి మరకలు లేచాయి. చూస్తుండగానే అవి పెద్దవై, పైట తడిసి, పాలు బొట్లుగా గడప మీద పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు. గోడ మీంచి చూపు తిప్పలేదు. "నాది కాదు" అని మూడోసారి అంది.

వినను అన్న మనిషి విన్నాడు. ఇటు తిరిగాడు. సైకిలు వదిలేస్తే అది బురదలో పడింది. అరుగు దగ్గరికొచ్చి కూతుర్నీ, గడప మీది చుక్కల్నీ చూశాడు.

"అమ్మా" అన్నాడు నాతో, చాలా నెమ్మదిగా. "ఆ పాలు సిలక తెచ్చుకుందా?"

"లేదు తవిటయ్యా. పిల్ల ఏడుపు చెవిన పడితే వాటంతట అవే వస్తాయి."

"ఆపుదామనుకుంటే?"

"ఆగవు."

"నోరు నాది కాదంటన్నా?"

"నోటితో వాటికి పనిలేదు."

అన్నేళ్ళలో నేనతనికి చెప్పిన జవాబుల్లో నాకు పూర్తిగా నమ్మకమున్నది ఇదొక్కటే. అతను తడి అరుగు మీద కూలబడ్డాడు. సగం కనుబొమ్మ మీంచి వాన నీళ్ళు కారుతున్నాయి. వాననీళ్ళే కాదు, ఏడుస్తున్నాడు కూడా.

"మాయమ్మ గడప బయట అటేపు తిరిగి కూకునీది" అన్నాడు. "నాను మాయమ్మ ఈపే సూసాను. ముందుపక్క ఎప్పుడూ సూడలేదమ్మా."

చేటలో పిల్ల గుక్కపట్టింది. తవిటయ్య ముఖం తుడుచుకుని లేచాడు.

"నూకాలూ, కొంగు పట్టు. బేరం అయిపోయింది. గోధుమలు తినే ఊర్లో ఉన్నాం, గోధుమ పొట్టే సెల్లుద్ది."

"సెల్లుద్దని నువ్వెవులు సెప్పడానికి?"

"తవుడుకి అమ్ముడుపోయినోడ్ని. నాకు గాక ఇంకెవులికి తెలుసు ఆ రేటు?"

ఏడుపులోనే నూకమ్మకి నవ్వొచ్చింది. కొంగు పట్టింది. నేను చారెడు గోధుమ పొట్టు అందులో పోసి, చేటలోంచి పిల్లని తీసుకుని, చిలకమ్మకి అందించాను. "నా పిల్లని నీ పాలిచ్చి పెంచిపెట్టు" అన్నాను. ఆ మాట నూకమ్మే నేర్పింది. చిలకమ్మ పిల్లని లాక్కున్నట్టే తీసుకుని, ఆ గడప పక్కనే మాకు వీపు పెట్టి కూర్చుంది. ఏడుపు ఆగిపోయింది.

తవిటయ్య వాకిట్లోకి దిగి చేతులు రెండూ దగ్గరికి తెచ్చాడు. ఎలా జోడించాలో మరిచిపోయినవాడిలా వాటివైపు చూసుకున్నాడు.

"సూడని మేస్త్రీకి దండమెలాగ అనీవోడ్ని గదా" అన్నాడు. "సూసీసినానమ్మా. పని సూసీసినాను. ఇంకేటి సూడాల."

చిలకమ్మ కూర్చున్న వైపు ఒక దండం పెట్టాడు. తర్వాత తన తల్లి పోయిన ఊరెటు పక్కో నన్నడిగి, నేను చూపించిన స్టేషన్ వైపు తిరిగి, వానలో చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

పిల్లకి తవిటమ్మ అనే పేరు పెట్టారు. పెట్టమన్నది అతనే.

నాలుగేళ్ళ తర్వాత ఒక సాయంత్రం, గేటు చప్పుడైంది. తాత వేలు పట్టుకుని తవిటమ్మ వచ్చింది. సగం తెలుగు, సగం హిందీ. నన్ను నానీ, అంటే అమ్మమ్మ, అని పిలిచేది. తాత బుద్ధులు పూర్తిగా వచ్చాయి.

"నానీ, నన్ను మీరు కొనుక్కున్నారంట, సచ్? నిజమేనా?"

"అవునమ్మా."

"ఎంతకి?"

"చారెడు గోధుమ పొట్టుకి."

"అప్పుడు మాయమ్మ ఏటంది?"

నేను తవిటయ్య వైపు చూశాను. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. చెప్పండి అన్నట్టు తలూపాడు.

"నాది కాదు అంది" అన్నాను.

పిల్ల బెంగపడలేదు. జవాబు తెలిసిన పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు తాత వైపు తిరిగింది. "అప్పుడు మాయమ్మ సీర తడిసిపోయింది గదా తాతా. ఇంకోసారి సెప్పు" అంది.

తవిటయ్య నా ఎదుటి కుర్చీలో కూర్చుని, దాన్ని ఒళ్ళోకి తీసుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. రోజూ చెబుతాడట.